పిల్లల్ని గూట్లోంచి పడేసే కార్డన్ బ్లూ జోడీ: ఒక కేసు పూర్తి వివరం

ఎర్ర చెంపల కార్డన్ బ్లూ అనే చిన్న ఆఫ్రికన్ ఫించ్ పక్షుల జోడీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. మగది, పెట్ట రెండూ నిగనిగలాడుతున్నాయి. గూడు కడతాయి, గుడ్లు పెడతాయి, బుద్ధిగా పొదుగుతాయి, పిల్లలు కూడా బయటికొస్తాయి. రెండో రోజో మూడో రోజో ఆ పిల్లలు గూటి కింద నేలమీద చచ్చి పడి ఉంటాయి. కొద్ది రోజులకే మళ్లీ గుడ్లు, మళ్లీ అదే తంతు. వాటిని పెంచుతున్నాయన విసిగిపోయి "ఇవి పిల్లల్ని సాకే రకం కాదండీ, మీరేమన్నా చేయగలిగితే చేయండి, లేదంటే అందానికి ఉంచుకోండి" అన్నారు. ఆఫ్రికన్ ఫించ్‌లు పెంచేవాళ్ల నోట ఈ మాట ఎంత తరచుగా వింటానంటే, ఈ కేసుని వివరంగా రాసి పెట్టాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల్ని పడేసే జోడీల్లో చాలావాటికి లోపం పక్షిలో ఉండదు, పొద్దున్న లైటు వెలిగినప్పటి నుంచి మొదటి పురుగు దొరికేదాకా ఉండే ఖాళీలో ఉంటుంది.

కొత్తగా ఈ పక్షుల్లోకి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎర్ర చెంపల కార్డన్ బ్లూ, శాస్త్రీయ నామం యురేజింథస్ బెంగాలస్, సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా, అక్కడ్నుంచి కిందికి టాంజానియా, జాంబియా వరకూ ఉండే పక్షి. పొడవు 12-13 సెంటీమీటర్లు, బరువు 10 గ్రాముల చుట్టూ. మగదానికి చెంప మీద ఎర్రటి మచ్చ ఉంటుంది, పెట్టకి ఉండదు. నేలమీద గడ్డి గింజలు ఏరుకుంటూ, చెదలు దొరికితే చెదలు తింటూ బతుకుతుంది. జీబ్రా ఫించ్‌లూ బెంగాలీస్ ఫించ్‌లూ పెంచి ఇటువైపు వచ్చినవాళ్లకి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. ఆ రెండూ ఎన్నో తరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరిగినవి, గింజలూ ఎగ్ ఫుడ్ (గుడ్డుతో చేసిన మేత) ఉంటే చాలు పిల్లల్ని లాక్కొచ్చేస్తాయి. కార్డన్ బ్లూలు, వాటి చుట్టాలైన మెల్బాలు, గ్రెనడియర్‌లు, చాలా వ్యాక్స్‌బిల్‌లు అలా చేయవు, పిల్లలు పుట్టిన మొదటి వారం వాటికి పురుగులు కావాలి. ఒకప్పుడు అడవిలో పట్టిన పక్షులు పెద్ద ఎత్తున ఎగుమతయ్యేవి, జోడీ కుదరకపోతే ఇంకోటి తెచ్చుకునేవారు. బర్డ్ ఫ్లూ భయంతో యూరోపియన్ యూనియన్ 2005 అక్టోబరులో అడవి పక్షుల దిగుమతిని తాత్కాలికంగా ఆపింది, 2007 జులై నుంచి ఆ తలుపు పూర్తిగా మూసేసింది. అలా మూయడం మంచిదే అంటాను నేను. కానీ దాని వల్ల చేతిలో ఉన్న ప్రతి జోడీకీ విలువ పెరిగింది, పనికిరాదని పక్కన పెట్టే స్వేచ్ఛ పోయింది.

జోడీ ఇంకా ఆయన దగ్గరే ఉండగా వెళ్లి చూశాను. ఇంట్లోనే ఒక గదిలో ఏవియరీ, అంటే పక్షులు ఎగిరేంత పెద్ద పంజరం, రెండు మీటర్ల పైన పొడవు, శుభ్రంగా ఉంది. లైట్లు టైమర్ మీద ఉదయం 6 గంటలకి వెలుగుతాయి. గింజల మిక్స్‌లో వరిగలు, కొర్రలు, కెనరీ సీడ్, సన్నటి పానికం, అన్నీ ఉన్నాయి. ఎగ్ ఫుడ్ రోజూ పెడుతున్నారు. మీల్‌వార్మ్‌లు (పిండి పురుగులు) కూడా పెడుతున్నారు, పొద్దున్న ఒక గిన్నెడు. ఆయన లెక్క ప్రకారం పక్షులకి పురుగులు అందుతున్నాయి. నేను అడిగిన ప్రశ్న ఒకటే, ఆ గిన్నె ఎన్నింటికి లోపల పెడతారు అని. ఆయన లేచి, కాఫీ తాగి, మిగతా పనులు చూసుకుని వచ్చేసరికి ఎనిమిదవుతుంది. అదే ఏవియరీలో ఒక జత ఆరెంజ్ చీక్ వ్యాక్స్‌బిల్‌లు, కొన్ని జీబ్రాలు ఉన్నాయి. గిన్నె పెట్టగానే ఆరెంజ్ చీక్‌లు దిగి చిన్న పురుగులన్నీ ఏరేస్తాయి. కార్డన్ బ్లూ మెల్లగా, బెదురుబెదురుగా దిగేసరికి అడుగున ముదురు గోధుమరంగు పెద్ద మీల్‌వార్మ్‌లే మిగులుతాయి. ఒక్కరోజు వయసున్న పిల్ల నోట్లో అది పట్టదు, పట్టినా దాని పెంకు అరగదు.

చచ్చిన పిల్లల్ని ఆయన పారేశారు గానీ అదృష్టంకొద్దీ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకున్నారు. ఇది అందరూ చేయాల్సిన పని. కొత్తగా పుట్టిన పిల్ల చర్మం పల్చగా ఉంటుంది, మెడ పక్కన మేత నిలిచే సంచి, మనం క్రాప్ అంటామే, అందులో ఏముందో బయటికే కనిపిస్తుంది. క్రాప్ ఖాళీగా ఉండి ఒంటిమీద గాయాలు లేకపోతే అది ఆకలి. క్రాప్ నిండుగా ఉండి తలమీదా రెక్కల మీదా పొడిచిన గుర్తులుంటే వేరే పక్షి గూట్లో దూరిందనో, మగది మళ్లీ గుడ్ల కోసం పెట్ట వెంటపడుతోందనో అనుమానించాలి. క్రాప్ నిండుగా ఉండి, గాయాల్లేకుండా, గూట్లోనే చల్లబడి పోతే అది చలి. ఈ ఫొటోల్లో చాలా పిల్లలకి క్రాప్ ఖాళీ. ఒకటి రెండింటికి లోపల తెల్లటి గింజ ముక్కలు కనిపించాయి. రెండ్రోజుల పిల్ల కడుపులో గింజ ఉందంటే, పాపం ఆ పక్షులు దొరికిందేదో పెట్టి చూశాయన్నమాట. పిల్లల్ని పట్టించుకోని తల్లిదండ్రులు ఆపాటి ప్రయత్నం కూడా చేయవు.

అయినా ఫొటోలతో తీర్పు చెప్పేయకూడదు కాబట్టి అప్పటికి పొదుగుతున్న క్లచ్‌కి, అంటే ఒక విడత గుడ్లకి, గూటి ఎదురుగా ఒక చిన్న నైట్ విజన్ కెమెరా పెట్టించాను. పెట్టింది పొదుగు సగంలో కాబట్టి ఆ జోడీ పెద్దగా పట్టించుకోలేదు. మొదటి ఒకటి రెండు రోజులు పిల్ల పొట్టలో మిగిలిన పచ్చసొన వల్ల అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అసలు సంగతి ఆ తర్వాతే బయటపడుతుంది. రికార్డింగ్‌లో కనిపించింది ఇది. లైటు వెలగ్గానే మగది బయటికొస్తుంది, నేలంతా గాలిస్తుంది, ఆకుల అడుగున వెతుకుతుంది, నిన్నటి ఖాళీ గిన్నెలోకి తొంగిచూస్తుంది, వెళ్లి గూట్లో దూరుతుంది, మళ్లీ వస్తుంది. పెట్ట కూడా దిగి అదే పని. గూట్లో పిల్లల అరుపు మొదట గట్టిగా, పోనుపోను నీరసంగా. ఏడు దాటాక మగది ఒక పిల్లని ముక్కున పట్టుకుని బయటికి తెచ్చి కొమ్మ మీంచి వదిలేసింది. అప్పటికి ఆ పిల్ల కదలడం లేదు. నోరు తెరవని పిల్ల ఆ పక్షి దృష్టిలో గూట్లో ఉండకూడని చెత్త, పెంకు ముక్కలాంటిదే. పురుగుల గిన్నె వచ్చింది ఎనిమిది దాటాక. ఇక దీనికంటే సాక్ష్యం ఏం కావాలి.

ఆ తర్వాత ఆయన జోడీని నాకు అప్పగించారు. వేరే గదిలో నెల పైన క్వారంటైన్‌లో ఉంచి, రెట్ట పరీక్ష చేయిస్తే కొద్దిగా కాక్సీడియా అనే పేగుల్లో ఉండే పరాన్నజీవి కనిపించింది. పక్షుల డాక్టర్ చెప్పిన మోతాదులో మందు వాడి మళ్లీ పరీక్ష చేయించాను. అయితే కాక్సీడియా ఎక్కువగా చంపేది గూడు దాటి సొంతంగా తినడం మొదలుపెట్టే పిల్లల్ని, రెండ్రోజుల వాటిని కాదు. కాబట్టి ముందుముందు అది మనకి తలనొప్పే గానీ ఈ కేసుకి మూలం అది కాదు.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి, వీటిలో ఏదైనా బెంగాలీస్‌ల కింద పెరిగిందా అని. ఆయన లోగడ ఈ జోడీ గుడ్లని బెంగాలీస్ ఫించ్‌ల కింద పెట్టి ఒక మగ పిల్లని దక్కించుకున్నారు. అది పెద్దదయ్యాక పక్కనే సొంత జాతి పెట్ట ఉన్నా పట్టించుకోకుండా బెంగాలీస్‌ల ముందు నాట్యం చేస్తుంది, పాట కూడా వాటి గురగురలా ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త క్లౌస్ ఇమెల్‌మాన్ 1960ల్లోనే జీబ్రా ఫించ్‌ల మీద ఇది చూపించాడు, బెంగాలీస్‌లు పెంచిన జీబ్రా మగవి పెద్దయ్యాక బెంగాలీస్ పెట్టల వెంటే పడ్డాయి, పాట కూడా పెంచిన తండ్రి దగ్గరే నేర్చుకున్నాయి. ఆఫ్రికన్ ఫించ్‌లకి ఫాస్టర్ పద్ధతి, అంటే గుడ్లని వేరే జాతి పక్షి కింద పెట్టి పెంచడం, నాకు నచ్చకపోవడానికి ఇదొక కారణం. రెండోది, బెంగాలీస్‌లు పురుగుల జోలికి సరిగా పోవు. మూడోది పిల్లల నోరు. ఈ కుటుంబంలో ఒక్కో జాతి పిల్లకి అంగిట్లో చుక్కలు, నోటి అంచుల్లో రంగులు ఒక్కో తీరుగా ఉంటాయి. పరాయి గూళ్లలో గుడ్లు పెట్టే వైడా పక్షుల పిల్లలు సరిగ్గా తమ ఆతిథేయుల నోటి గుర్తుల్నే అనుకరిస్తాయనీ, మగ వైడాలు ఆ ఆతిథేయుల పాటనే పాడతాయనీ యుర్గెన్ నికోలాయ్ 1964లో వివరంగా రాశాడు. ఆ గుర్తులకి తిండి పెట్టించడంలో అసలు పాత్ర లేకపోతే వైడాలకి అంత అనుకరణ అవసరమే ఉండేది కాదు కదా. బెంగాలీస్‌లు మహా మంచివి, ఏ నోరు తెరిచినా పెట్టేస్తాయి అంటారు, నిజమే, కానీ బతికిన పిల్ల రేపు జోడీ కట్టకపోతే మనం పెంచింది పక్షినా, బొమ్మనా?

మా జోడీ విషయంలో ఈ అనుమానం తొందరగానే తీరింది. మగది పొడవాటి గడ్డిపోచని ముక్కున పట్టుకుని, తల పైకెత్తి, పెట్ట పక్కన ఎగురుతూ పాడటం మొదలుపెట్టింది. పెట్ట కూడా పోచ పట్టుకుని బదులిచ్చింది. కార్డన్ బ్లూలలో నాట్యం రెండూ చేస్తాయి, కాబట్టి దాన్ని చూసి మగా ఆడా తేల్చకండి. నీలి తల కార్డన్ బ్లూల మీద నావో ఓటా, మాన్‌ఫ్రెడ్ గార్, మసాయో సోమా 2015లో ప్రచురించిన పరిశోధనలో హైస్పీడ్ కెమెరాతో తీస్తే, ఆ ఎగరడంలో మన కంటికి అందనంత వేగంగా కాళ్లతో కొమ్మ మీద తాళం వేస్తున్నాయని తేలింది, మగదీ పెట్టా రెండూనూ. అందుకే నేను ఏవియరీలో ఒకటి రెండు కొమ్మలు కాస్త లావుగా, కదలకుండా బిగించి పెడతాను. అది అవసరమా అంటే నిరూపించలేను, కానీ వాటికి అక్కడే నాట్యం చేయడం ఇష్టమని మాత్రం రోజూ చూస్తున్నాను.

తర్వాత చేసింది ఏమీ చేయకపోవడం. వరసగా గుడ్లు పెట్టిన పెట్ట ఒంట్లో కాల్షియం ఎక్కడ మిగులుతుంది? గూళ్లన్నీ తీసేసి, వెలుతురు 12 గంటలకి తగ్గించి, ఎగ్ ఫుడ్ ఆపేసి, గింజలు, ఆకుకూర, వారానికి ఒకటి రెండుసార్లు నాలుగైదు పురుగులు, అంతే. కాల్షియం కోసం పెట్టే కటిల్ బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి పెంకు) దిమ్మగా వేలాడదీస్తే ఇంత చిన్న ముక్కులు దాన్ని గీరలేవు, పొడి చేసి, ఓవెన్‌లో కాల్చిన గుడ్డు పెంకుల నలుసుతో కలిపి ఒక గిన్నెలో పెట్టాను. ఇంట్లో పెంచేవాళ్లు విటమిన్ డి3 సంగతి మర్చిపోతారు. కిటికీ అద్దం యూవీబీ కిరణాల్ని దాదాపు ఆపేస్తుంది, ఎండ పడుతోంది కదా అనుకుంటే కుదరదు. దానికి తగిన ల్యాంపైనా ఉండాలి, కొలత ప్రకారం డి3 అయినా ఇవ్వాలి. లేదంటే గుడ్డు అడ్డం పడి, పెట్ట ఒళ్లు ఉబ్బించుకుని నేలమీద కూర్చుంటుంది, అప్పుడు వెచ్చదనం, కాల్షియం, డాక్టరు అంటూ పరుగులు పెట్టాలి.

ఈకలు రాలి కొత్తవి వచ్చి, పెట్ట నిండుగా కనిపించాక జోడీని ఒంటరిగా ఒక ఏవియరీలోకి వదిలాను. ఒంటరిగా అంటే నిజంగా ఒంటరిగానే. ఆరెంజ్ చీక్‌లు మంచి పక్షులే గానీ పక్కింటి గూటి సామాను కనిపిస్తే ఆగవు. ఇంకో కార్డన్ బ్లూ జోడీని పెడితే మగవి కొట్టుకుంటాయి. దట్టమైన పొద లోపల, కంటి ఎత్తుకి పైన రెండు మూడు బుట్టగూళ్లు కట్టాను. కొబ్బరి పీచుని వేలెడు ముక్కలుగా కత్తిరించి వేయాలి, పొడుగ్గా ఉంటే కాలికి చుట్టుకుని పక్షి వేలాడిపోతుంది. లోపలి మెత్తకి తెల్లటి కోడి ఈకలు, ఇవి మీకు అనవసరం అనిపించినా వేయండి, కారణం తర్వాత చెబుతాను. వెలుతురు మెల్లగా 13 గంటలకి పైగా పెంచాను. పచ్చిగా ఉన్న గడ్డి గింజల కంకులు పెట్టగానే జోడీ ఊపు మారిపోయింది. అడవిలో వానల తర్వాత గడ్డి పాలు పోసుకునే కాలమే వీటికి పిల్లల కాలం. గినీ గడ్డి పుట్టిందే ఆఫ్రికాలో కాబట్టి దాని కంకులు వీటికి పరాయివి కావు, దొరికినప్పుడు కోసి ఫ్రీజర్లో పెట్టుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు. కోసే చోట మందు కొట్టలేదని మాత్రం రూఢి చేసుకోండి.

ఇక పురుగులు. ఎంత పెట్టాలి అని అందరూ అడుగుతారు, ఎప్పుడు పెట్టాలి అని ఎవరూ అడగరు. గూడు కట్టే రోజుల్లో రోజుకి కొన్ని పెడితే చాలు. గుడ్లు పెట్టడం అయిపోయి పొదుగు మొదలయ్యాక దాదాపు ఆపేయాలి, రుచి మర్చిపోకుండా రోజుకి రెండు మూడు, అంతే. ఇక్కడ చేతికి ఎముక లేకుండా పెట్టేవాళ్లకి ఇంకో తంటా వస్తుంది, మగది మరీ ఊపుమీదకొచ్చి, ఉన్న గుడ్లని వదిలేసి పెట్టని మళ్లీ తరమడం మొదలుపెడుతుంది, పిల్లలున్నా సరే పడేసి కొత్త గూటికి సిద్ధమవుతుంది. వీటి పొదుగు 12 రోజుల చుట్టూ ఉంటుంది. ఆ తేదీకి ఒక రోజు ముందునుంచే పురుగులు సిద్ధంగా ఉండాలి, గూటి కింద పెంకు ముక్క కనిపించాక పరుగెత్తితే లాభం లేదు. పిల్లలు వచ్చాక మొదటి నాలుగైదు రోజులు రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా. ఒకేసారి గిన్నె నింపితే పక్షులు తామే తినేసి బద్ధకిస్తాయి, లేదా పురుగులు మూలల్లో దూరిపోతాయి.

ఏ పురుగు అంటే, మొదటి మూడు నాలుగు రోజులకి పండు ఈగలు, చీమల ప్యూపాలు (పురుగు రెక్కల కీటకంగా మారే ముందు ఉండే గూటి దశ), చెదలు. చెదలు దొరికితే అంతకంటే మంచిది లేదు, చిన్న పొట్లాలుగా ఫ్రీజ్ చేసుకోవచ్చు, కానీ మందు కొట్టిన చోటు నుంచి తెచ్చినవైతే ఒక్క పూటలో గూడు ఖాళీ అవుతుంది. మీల్‌వార్మ్‌లలో అప్పుడే కుబుసం విడిచి తెల్లగా, మెత్తగా ఉన్నవి ఏరి పెట్టాలి, నాలుగో రోజు తర్వాతే. వాటిలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ చాలా రెట్లు ఎక్కువ, కాబట్టి కాల్షియం పొడి చల్లకుండా అదే పనిగా పెడితే పిల్లల కాళ్లు వంకరపోతాయి. బఫెలో వార్మ్‌లు, ఇవీ మీల్‌వార్మ్‌ల లాంటివే, చిన్నవి కాబట్టి వాటితో పని సులువు. ఎగ్ ఫుడ్ పక్కన ఉంచండి, మా జోడీ ఆరో రోజు నుంచి దాన్ని బాగానే మోసింది.

ఇప్పుడు అసలు ఖాళీ, లైటుకీ మనిషికీ మధ్య ఉన్నది. నేనూ తెల్లవారుజామున లేచే మనిషిని కాదు, పక్షుల కోసం నెలల తరబడి అలారం పెట్టుకోమని ఎవరికీ చెప్పను. రెండు పనులు చేశాను. ఒకటి, రాత్రి లైటు ఆరాక నున్నటి గోడలున్న గాజు గిన్నెలో పల్చగా తవుడు వేసి బఫెలో వార్మ్‌లు వదిలి గూటికి దగ్గరగా ఉన్న అరమీద పెట్టడం. అవి ఎక్కి పోలేవు, పొద్దుటిదాకా బతికే ఉంటాయి. రెండోది నాకు బాగా ఇష్టమైంది. పండు ఈగల్ని పెంచే కల్చర్ డబ్బాలో ప్యూపాలు ముదిరి నల్లబడ్డాక, సాయంత్రం ఆ డబ్బాకి పెద్ద రంధ్రాల మూత పెట్టి ఏవియరీలో వేలాడదీస్తాను. పండు ఈగ ప్యూపాలోంచి బయటికొచ్చే వేళ ఎక్కువగా తెల్లవారుజామే, అది దాని లోపలి గడియారం చేసే పని. రొనాల్డ్ కొనోప్కా, సీమర్ బెంజర్ 1971లో పీరియడ్ అనే జన్యువుని పట్టుకున్నది సరిగ్గా ఈ ఈగలు ప్యూపాలోంచి బయటపడే వేళలు గమనించే. ఆ జన్యువు ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పినవాళ్లకి 2017లో నోబెల్ వచ్చింది. వాళ్లు ఫించ్‌ల కోసం చేయలేదనుకోండి, మనకి మాత్రం లైటు వెలిగే వేళకి మెత్తటి, రెక్కలింకా సరిగా ఆరని ఈగలు ఎవరూ లేవకుండానే సిద్ధంగా ఉంటాయి. 25 డిగ్రీల దగ్గర ఒక తరానికి పది పన్నెండు రోజులు పడుతుంది కాబట్టి, పక్షులు గూడు కట్టడం మొదలుపెట్టగానే కల్చర్‌లు వేయాలి, నాలుగైదు రోజులకోటి చొప్పున వరసగా. అరటిపండు గుజ్జు, ఓట్స్, ఈస్ట్, కొంచెం వెనిగర్, చాలు. ఇంట్లో ఈగలు తిరుగుతాయి, ఇంట్లోవాళ్లు తిడతారు, దానికి నా దగ్గర మందు లేదు.

ఫలితం కెమెరాలోనే కనిపించింది. లైటు వెలిగిన కాసేపటికే మగది డబ్బా చుట్టూ ఈగల్ని ఏరుకుంటూ గూటికి తిరుగుతోంది. అంతకుముందు ఆ జోడీలో కనిపించిన వెతుకులాట లేదు. మూడో రోజు దాటింది, నాలుగు దాటింది, పిల్లల క్రాప్‌లు చీకటి పడేవేళకి గుండ్రంగా నిండి ఉన్నాయి. పక్షుల్ని మార్చలేదు, గింజల మిక్స్ మార్చలేదు. పొరుగు పక్షులు లేకపోవడం కూడా కలిసొచ్చి ఉండొచ్చు, దాన్ని ఈ లెక్కలోంచి పూర్తిగా విడదీయలేను. కానీ కెమెరాలో పిల్లల్ని బయటికి తెచ్చింది ఆరెంజ్ చీక్‌లు కాదు, తండ్రే, అదీ గిన్నె ఖాళీగా ఉన్న వేళలోనే.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. నాలుగు పిల్లల్లో రెండు తొమ్మిదో రాత్రి చచ్చిపోయాయి. గూట్లోనే ఉన్నాయి, గాయాల్లేవు, క్రాప్ నిండా మేత. పైన చెప్పిన మూడో రకం. కార్డన్ బ్లూలు, ఇంకా చాలా వ్యాక్స్‌బిల్‌లు, పిల్లలకి ఎనిమిది నుంచి పది రోజులు రాగానే రాత్రిపూట పొదవడం మానేస్తాయి. అప్పటికి ఒంటిమీద ఈకలు ముళ్లలా పొడుచుకొచ్చి ఉంటాయి గానీ ఇంకా విచ్చుకోవు. వాళ్ల సొంత దేశంలో వెచ్చటి రాత్రుల్లో నాలుగైదు పిల్లలు ఒకదాన్నొకటి అతుక్కుని గడిపేస్తాయి. గది చల్లబడితే, అందులోనూ పిల్లలు తక్కువుంటే, బయట అంచున ఉన్నవి ముందు పోతాయి. మిగిలిన రెండింటి కోసం ఆ రోజే గది ఉష్ణోగ్రత రాత్రిపూట 24 డిగ్రీలకి తగ్గకుండా హీటర్‌కి థర్మోస్టాట్ పెట్టాను, అవి నిలబడ్డాయి. తర్వాతి క్లచ్‌కి గూళ్లు మార్చాను, లోతు ఎక్కువ, నోరు చిన్నది, తెల్ల ఈకలు ఇంకా ధారాళంగా. పక్షులు ఆ ఈకలన్నిటినీ మోసుకెళ్లి లోపల పరిచాయి. ఈకలు వేయమన్నది ఇందుకే. రాత్రికి ఒక చిన్న మసక దీపం కూడా ఉంచాను, ఏదైనా చప్పుడుకి పెట్ట గూట్లోంచి బయటపడితే చీకట్లో మళ్లీ దారి దొరక్క పొద్దున్నదాకా కొమ్మమీదే ఉండిపోయే ప్రమాదం ఉంది.

ఆ క్లచ్‌లో పిల్లలన్నీ గూడు దిగాయి, 18, 19 రోజుల మధ్య. దిగాక ఇంకో రెండు వారాలు తల్లిదండ్రులే మేపాయి, ఎక్కువ భాగం తండ్రే. ఈ దశలో మొలకెత్తిన గింజలు బాగా పనికొస్తాయి, కానీ వాటిని ఉదయం పెట్టి మధ్యాహ్నానికి తీసేయాలి, పుల్లటి వాసన వచ్చిందంటే అది మేత కాదు, విషం. ముందు చెప్పిన కాక్సీడియా కూడా సరిగ్గా ఇప్పుడే తల ఎత్తుతుంది, అడుగు కాగితం రోజూ మార్చడం, నేల తడి లేకుండా చూడటం, రెట్ట పరీక్ష మళ్లీ చేయించడం తప్పదు. మగ పిల్లల చెంపల్లో ఎరుపు తొంగిచూడగానే తండ్రి వాటిని తరమడం మొదలుపెడుతుంది, అంతకంటే ముందే వేరు చేశాను.

పక్షిని గుర్తుపట్టడానికి కాలికి వేసే రింగుల గురించి ఒక మాట. మూసిన లోహపు రింగు చిన్న పిల్ల కాలికి వేస్తే మెరుస్తుంది. గూడు శుభ్రం చేసుకునే పక్షికి అది చెత్తలా కనిపించి, రింగుతో పాటు పిల్లని కూడా లాగి పడేస్తుంది. రింగుని నల్ల మార్కర్‌తో రుద్ది, సాయంత్రం చీకటి పడబోయే ముందు వేస్తే కొంత నయం అంటారు. ఇన్ని పిల్లల్ని పడేసిన జోడీ మీద ఆ ప్రయోగం చేయడానికి నాకు మనసు రాలేదు, పిల్లలు విడిపోయాక చీలిక ఉన్న ప్లాస్టిక్ స్ప్లిట్ రింగులు వేసి నోట్‌బుక్‌లో వంశం రాసుకున్నాను. పుట్టిన తేదీ రుజువు కావాలంటే మూసిన రింగే కావాలి, ఎగ్జిబిషన్‌లకి వెళ్లేవాళ్లు వాళ్ల దారి వాళ్లు చూసుకోవాలి.

ఏడాదికి మూడు క్లచ్‌ల మించి పెంచనివ్వను, ఇది నా పట్టుదల. మూడో విడత గూడు దిగగానే గూళ్లు తీసేసి, పురుగులు ఆపేసి, వెలుతురు తగ్గించి మళ్లీ విశ్రాంతి.

జోడీ తిరిగి ఆయన దగ్గరికే వెళ్లింది, ఈగల డబ్బాలూ నున్నటి గిన్నెతో సహా. ఇప్పుడు ఆయన పురుగుల గిన్నె రాత్రే పెట్టి పడుకుంటున్నారు, ఎనిమిదింటికి లేచినా పిల్లలు గూట్లోనే ఉంటున్నాయి. ఆరెంజ్ చీక్‌లని వేరే పంజరంలోకి మార్చారు. బెంగాలీస్‌లు పెంచిన ఆ మగదాన్ని ఈ జోడీ పిల్లల గుంపులోనే, బెంగాలీస్‌లు కనపడని, వినపడని గదిలో ఉంచమని చెప్పాను. ఈ మధ్య అది ఒకసారి గడ్డిపోచ పట్టుకుని కార్డన్ బ్లూ పెట్ట పక్కన వాలిందని వీడియో పంపారు. పాట మాత్రం ఇంకా బెంగాలీస్ గురగురే.